నలభై శాతం

ఛాంపియన్ రీఫ్స్, కె.జి.ఎఫ్.
14 జూన్ 1998

చెల్లెలు నారాయణమ్మకు అక్క తాయమ్మ రాస్తున్నది.

మీ కదిరప్పకు వేమగల్ బస్టాండు దగ్గర టెలిఫోను బూతు వచ్చిందని మా పక్కింటి జయలక్ష్మమ్మ చెప్పింది. నా చెల్లెలి కొడుకు సంగతి నాకు పక్కింటావిడ చెప్పాల్సి వచ్చింది. సరే, సంతోషమే. మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయిన పిల్లవాడు ఒకరి చెయ్యి ఆశించకుండా బతుకుతాడంటే ఎవరికి చేదు? సంతోషమే అని మళ్ళీ రాస్తున్నాను, మొదటిసారి రాసింది నువ్వు నమ్మవని.

ఆ బూతు తెరిచినాక దానికే ఫోను చెయ్యవచ్చు. కాని ఇక్కడ ఫోను చెయ్యాలంటే అంగట్లో నిలబడాలి, వెనక పదిమంది చెవులు రిక్కించుకుని ఉంటారు. ఇంటి గుట్టు అట్లా చెప్పలేను. అందుకే కాగితం.

మా విమల సంగతి నీకు కొంత తెలుసు. పి.యు.సి. రెండో ఏడు పరీక్షల ముందు, గని సైరను తన పేరు పెట్టి పిలుస్తోందని చెవులు మూసుకుని మంచం కింద దూరింది. నాలుగేళ్ళయింది. బెంగుళూరు ఆస్పత్రిలో ఇచ్చే మాత్రలు వేసుకుంటే సైరను సైరనులాగే వినిపిస్తుందట. ఆ మాత్రలు ఇక్కడ దొరకవు, కోలారులోనూ దొరకవు. నెలకొకసారి మొదటి రైలు పట్టుకుని పోయి, వరుసలో నిలబడి, పొద్దుగూకినాక తిరిగి రావాలి. మాత్ర వేసుకుంటే చేతులు వణుకుతాయి, మధ్యాహ్నం దాకా మత్తు వదలదు. "పెండ్లీడు పిల్ల, ఎప్పుడు చూసినా పండుకోనే ఉంటాది" అని మా గని ఇళ్ళ లైనంతా అంటుంది. జబ్బని చెప్తే సంబంధాలు రావు. చెప్పకపోతే సోమరిపోతు.

ఇప్పుడు అసలు సంగతి. కోలారులో వికలాంగులకు ఆరు నెలలు కుట్టుపని నేర్పి, హాస్టల్లో ఉంచుకుంటారట. ఆ కాగితం విమలే ఎక్కడో చూసి తెచ్చింది. నాలుగేళ్ళలో అది తనంతట తాను అడిగిన మొదటి కోరిక. దానికి వికలాంగుల సర్టిఫికెట్టు కావాలి. ఇక్కడ ఆఫీసులో అడిగితే గుమాస్తా దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "నడస్తాది, చూస్తాది, మాట్లాడతాది. ఇంగ వికలాంగం యాడుండాదమ్మా?" అన్నాడు. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. విమల కూడా నవ్వింది, ఎందుకు నవ్వుతున్నారో తెలియక.

మీ కదిరప్పకు ఎట్లా ఇచ్చారు? ఏ రోజు పోవాలి, ఎవరిని చూడాలి, అంతా రాయి. ఏదీ దాచుకోకు.

తాయమ్మ


వేమగల్
21 జూన్ 1998

అక్కకు నారాయణమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చే వేళకు పట్టుపురుగులు పొర విడిచి నాలుగో జ్వరం లేచి ఆకు కోసం తలలెత్తుకుని ఉన్నాయి. మీ లైను ఇళ్ళలో ఈ బాధ లేదు కనుక నువ్వు పెద్ద ఉత్తరాలు రాస్తావు. నేను ఆకు వేసి, ఆవును పిండి, మళ్ళీ ఆకు వేసి, ఇప్పుడు కూర్చున్నాను.

బూతు సంగతి ముందు చెప్పలేదని నీకు కోపం. విమలకు కాలేజీలో సీటు వచ్చినప్పుడు నాకు ఎవరు చెప్పారు? పాలు పోయించుకునే మారప్ప చెప్పాడు. చెల్లుకు చెల్లు.

సర్టిఫికెట్టు కోసం కోలారులో నెలకొకసారి ఒక కల్యాణ మండపంలో శిబిరం పెడతారు. రెండో బుధవారం. ఏడింటికే పోయి పేరు రాయించుకోవాలి. డాక్టర్లు బల్లల వెనక కూర్చుని, ఒక్కొక్కరినీ చూసి నూటికి ఇంత అని రాస్తారు. నలభై దాటితేనే కార్డు. మా వాడి కాలు టేపు పెట్టి కొలిచారు. కర్ర తీసేసి నడవమన్నారు. రెండడుగులు వేసి పడబోయాడు, పక్కనున్న బల్ల పట్టుకున్నాడు. డెబ్బై ఐదు రాశారు. నేను గోడకు ఆనుకుని అంతా చూస్తున్నాను. పడాలని మొక్కుకున్నానో, పడకూడదని మొక్కుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఒక్క మాట అక్కా. వాళ్ళు కంటికి కనిపించిందే రాస్తారు. ఇంట్లో మనం పడేది చెప్పబోతే వినే తీరిక వాళ్ళకు లేదు. మీ విమల చూడటానికి బంగారు బొమ్మలా ఉంటుంది. నడుము దాకా జడ, చక్కని నడక. రోడ్డు మీద దాని పక్కన నడిస్తే నిన్ను చూసి ఎవరూ అయ్యో అనరు. అట్లాంటి పిల్లకు అక్కడ ఏం రాస్తారో నాకు తెలియదు. అయినా నీ ఇష్టం. వచ్చే శిబిరం జూలై ఎనిమిది.

బూతు ఆదివారం తెరుస్తున్నాము. మీరు ముగ్గురూ రండి. పక్కింటావిడ చెప్పేదాకా ఆగకుండా నేనే పిలుస్తున్నాను.

నారాయణమ్మ


ఛాంపియన్ రీఫ్స్
30 జూన్ 1998

చెల్లెలు నారాయణమ్మకు,

సుఖంగా చేరాము. మా ఇంటాయన మునియప్పకు గనిలో సోమవారం పొద్దున షిఫ్టు కనుక ఆ సాయంత్రమే బయలుదేరాము, నువ్వు ఉండమన్నా ఉండలేదు. ఉండలేకపోయాను అని రాస్తే సరిగ్గా ఉంటుంది.

కదిరప్ప తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటే పెండ్లికొడుకులా ఉన్నాడు. హనుమప్ప మేష్టారు మైకు పట్టుకుని "ఈ తల్లి పడిన కష్టం ఈ ఊరికి తెలుసు" అంటే అందరూ నీవైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి దేవుడి పటం పక్కన వేశావు. డెబ్బై ఐదు అనే అంకె కింద ఎర్ర గీత కూడా ఉంది. నేను దాన్ని చాలాసేపు చూశాను. నువ్వు గమనించలేదు, నీ చుట్టూ జనం.

అన్నాల వేళ విమల సాంబారు వడ్డిస్తుంటే చెయ్యి వణికి మీ ఆడపడుచు చీర మీద ఒలికింది. "కండ్లు యాడ పెట్టుకున్నావే?" అందామె. తర్వాత కదిరప్ప చేతిలోంచి గ్లాసు జారితే నలుగురు పరిగెత్తారు తుడవడానికి. నీ కొడుకు జారిస్తే పాపం అంటారు. నా కూతురు జారిస్తే పొగరంటారు. బస్సులో ఇంటిదాకా నేను ఇదే లెక్క వేసుకుంటూ వచ్చాను.

ఎనిమిదో తేదీకి దాన్ని శిబిరానికి తీసుకుపోతున్నాను. కంటికి కనిపించిందే రాస్తారన్నావు. కనిపించేటట్టే చూస్తాను.

తాయమ్మ


వేమగల్
13 జూలై 1998

అక్కకు,

విమల నా ఇంట్లో ఉంది. బావ నీకు చెప్పే ఉంటాడు, కాని ఆయన నాలుగు మాటలకంటే ఎక్కువ చెప్పడు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బుధవారం మధ్యాహ్నం నువ్వు కోలారు నుంచి బూతుకు ఫోను చేసి, శిబిరం దగ్గర విమల తప్పిపోయిందని ఏడ్చావు. కదిరి వెంటనే బూతు మూసి, కోలారు వచ్చి, నీతోను, నీకు తోడొచ్చిన బావతోను కలిసి టమాటా మార్కెట్టంతా వెతికాడు. ఆ కర్రతో, ఆ బురదలో. పోలీసు స్టేషనులో ఏమన్నారో నువ్వూ విన్నావు. "మెంటల్ పిల్ల అంటాండారు. ఇంగ తిరిగి తిరిగి తానే వస్తాది. మూడు దినాలు చూసి రాండి." కాగితం మీద పేరు కూడా రాసుకోలేదు. నువ్వు, అది ఇంటికి వస్తే తలుపు తీయడానికి మనిషి ఉండాలని కె.జి.ఎఫ్.కు పోయావు. బావ మా దగ్గర ఉన్నాడు.

గురువారం పొద్దుటి నుంచి కదిరి బూతులోనే కూర్చున్నాడు. బస్టాండుల్లో బూతులు నడిపేవాళ్ళు చాలామంది వాడిలాంటివాళ్ళే, సంఘంలో ఒకరికొకరు తెలుసు. మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపుర, బంగారుపేట, ఒక్కొక్క ఊరికీ చేశాడు. శనివారం పదకొండింటికి చింతామణి నుంచి ఓబలప్ప అనే ఆయన తిరిగి చేశాడు. ఆయనకు చూపు లేదు. "నిన్న సాయంత్రం నుంచి ఒక పాప నా బూతులోకి వస్తా పోతా ఉండాది. నంబరు తిప్పదు. ఫోను ఎత్తి 'నేను ఈడుండాను, ఇంగ పిలవొద్దు' అని పెట్టేస్తాది. గొంతులో నిద్ర లేదప్పా. మీ పాపేనేమో చూడండి" అన్నాడు. మేము పోయేదాకా ఆయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బన్ను తినిపించాడు.

మూడు రోజుల్లో దాని ముఖం ముప్పై ఏళ్ళదానిలా అయిపోయింది. ఒక చెప్పు లేదు. జడ ఎవరో మెడ దాకా కోసేశారు, ఎవరో చెప్పదు. ఇంకేమైనా జరిగిందా అని అడిగాను. లేదంది. నమ్ముతున్నాను, నమ్మక ఏం చేసేది. బావ దాన్ని చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కె.జి.ఎఫ్. బస్సు ఎక్కమంటే ఎక్కలేదు. బస్టాండు ఇనుప కమ్మీ పట్టుకుని "అమ్మ దగ్గరికి రాను" అంది. అందుకని ఇక్కడికి తెచ్చాము. ఆదివారం బావ మీ ఇంటికి వచ్చి మాత్రల డబ్బా ఇక్కడికి తెచ్చాడు కదా. ఈ నెలలో ఎన్ని అయిపోవాలో చీటీలో రాసి ఉంది. డబ్బాలో అంతకంటే ఎక్కువ ఉన్నాయి. విమలను అడిగితే మెల్లగా చెప్పింది. "అమ్మ ఇయ్యలేదు చిన్నమ్మా. తొమ్మిది దినాలు. కోలారు పోయి వచ్చినాక ఇస్తాననింది."

బావకు ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పుకో.

నువ్వు దాని కన్నతల్లివేనా అని అడగాలని ఉంది. నువ్వు రావద్దు. నేను రాసేదాకా ఈ గడప తొక్కవద్దు.

నారాయణమ్మ


ఛాంపియన్ రీఫ్స్
17 జూలై 1998

నారాయణమ్మకు,

కన్నతల్లినే. బయటివాళ్ళెవరూ అంత ధైర్యం చెయ్యరు.

మునియప్పకు చెప్పాను. షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి, "నువ్వు దానికి తిండి పెట్టకుండా ఉన్నా నేను ఇంత బాధపడను" అన్నాడు. అప్పటి నుంచి నాతో మాట లేదు.

మీ బూతు చూసి వచ్చిన మరుసటి పొద్దున మాత్ర అరచేతిలో పెట్టుకుని దాని మంచం దగ్గర నిలబడ్డాను. అద్దంలోని డెబ్బై ఐదు నా కళ్ళ ముందునుంచి పోలేదు. నాలుగేళ్ళుగా నేను ఈ మాత్రలు వేసి వేసి నా కూతురి జబ్బును లోకానికి కనపడకుండా దాస్తున్నాను, అందుకే దానికి ఏదీ దొరకడం లేదు అనిపించింది. ఒక పది రోజులు ఆపుదాం, వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూడనీ, రాసినాక మళ్ళీ వేద్దాం అనుకున్నాను. మాత్ర తిరిగి డబ్బాలో వేశాను. ఐదో రోజుకు దానికి నిద్ర కరువైంది. ఏడో రోజుకు పెదవులు కదపడం మొదలుపెట్టింది. భయం వేసింది. కాని, నారాయణమ్మా, ఆ భయం పక్కన సంతోషం కూడా ఉంది. ఇంగ నలభై దాటుతుంది అని.

శిబిరంలో బల్ల వెనక ముగ్గురు. ఒకరు ఎముకల డాక్టరు, ఒకరు కళ్ళు, ఒకరు చెవులు. దీన్ని ఎముకల డాక్టరు ముందు నిలబెట్టారు. "చెయ్యెత్తమ్మా. వేళ్ళు ముడుచు. ఆ గోడ దాకా నడిచి రా." అన్నీ చేసింది. మనసు ఎక్కడో ఉన్నా చెప్పిన మాట వినే పిల్ల. ఆయన "ఏనూ ఇల్ల" అని కన్నడంలో అనేసి కాగితం పక్కకు జరిపాడు. ఏమీ లేదట. "అది లోపల సార్" అన్నాను. "లోపలిది చూసే డాక్టరు ఈ దినం లేరు. ఆయన వచ్చే దినం రా." ఏ దినమని అడిగితే గుమాస్తాను అడగమన్నాడు. నేను గుమాస్తా బల్ల దగ్గర తోసుకుంటూ నిలబడి, తిరిగి చూసేసరికి కుర్చీలో విమల లేదు. మూడు నిమిషాలు కూడా చూడలేదు వాళ్ళు దాన్ని.

నేను చేసింది తప్పు. నువ్వు తిట్టక ముందే తెలుసు. కాని నువ్వు అడగనిది కూడా చెప్తాను. నీ కొడుకు కాలు చూసి నేను అసూయపడ్డాను. ఆ మాట రాయలేక మూడు కాగితాలు చింపాను. ఆ సన్నని కాలు ఎవరికైనా కనిపిస్తుంది, ఎవరినీ బతిమాలక్కరలేదు. నా బిడ్డకూ ఒక కాలో చెయ్యో వంకరగా ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. తల్లిని, అట్లా అనుకున్నాను.

ఇప్పుడు నాది ఒక ప్రశ్న. లోపలిది చూసే డాక్టరు వేరే రోజు వస్తాడట. నువ్వు ఆ శిబిరానికి ఆరుసార్లు తిరిగినదానివి. నీకు తెలియదా?

తాయమ్మ


వేమగల్
24 జూలై 1998

అక్కకు,

తెలుసు.

మానసిక డాక్టరు మూడు నెలలకొకసారి వస్తాడు. జూన్‌లో వచ్చి పోయాడు. మళ్ళీ సెప్టెంబరు తొమ్మిదికి. మండపం గుమ్మం దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. నీకు ఉత్తరం రాస్తూ ఆ ముక్క దగ్గరికి వచ్చి పెన్ను ఆపాను. తర్వాత జూలై ఎనిమిది అని రాశాను. ఊరికే ఒకసారి తిరిగి రానీ, ఆ వరుసలో నిలబడటం ఎట్లా ఉంటుందో అక్కకు తెలియనీ అనుకున్నాను. అంతకంటే చెడ్డది తలచలేదు. చెడ్డది జరగడానికి అది చాలింది.

నువ్వు అసూయ అన్నావు. నీది పదిహేను రోజులది. నాది ఇరవై ఏళ్ళది. నువ్వు కరెంటు దీపాల ఊరికి కాపురం పోయావు, నేను పేడ చేతులతో ఇక్కడ ఉన్నాను, అది పెద్ద మాట కాదు. కదిరికి ఎనిమిదేళ్ళప్పుడు మీ ఇంటికి వచ్చాము. బావ స్నేహితులు భోజనానికి వస్తున్నారని నువ్వు వాడిని లోపలి గదిలో కూర్చోబెట్టి, ఆడుకోవడానికి ఖాళీ డబ్బాలు ఇచ్చావు. విమలను ముందుకు పిలిచి పద్యాలు చెప్పించావు. వాడు లోపల ఆ పద్యాలే మెల్లగా చెప్పుకుంటున్నాడు. నేను విన్నాను. నువ్వు వినలేదు.

విమలకు జబ్బని తెలిసినప్పుడు నేను ఏడ్చాను. అది నిజం. ఏడ్చి ముఖం కడుక్కుని, "ఇంగ అక్కకూ తెలుస్తాది" అనుకున్నాను. అదీ నిజం. దేవుడు విన్నట్టున్నాడు. బిడ్డ జడ మీద వేశాడు దెబ్బ.

ఇప్పుడు అది మాత్రలు సరిగ్గా వేసుకుంటోంది. పొద్దున నాతో మల్బరీ తోటకు వస్తుంది. పురుగులంటే భయపడుతుందనుకున్నాను, అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంటుంది. నిన్న కదిరి ఏదో అంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నీకు వినిపించాలని రాస్తున్నాను. ఎందుకు వినిపించాలనుకుంటున్నానో నన్ను అడగకు.

రావాలంటే రా. రావద్దనే అర్హత నాకు లేదు.

నారాయణమ్మ


ఛాంపియన్ రీఫ్స్
5 ఆగస్టు 1998

నారాయణమ్మకు,

నిన్న వచ్చాను, నీకు తెలుసు. లోపలికి వచ్చేముందు నేను ఎంతసేపు బయట నిలబడ్డానో నీకు తెలియదు. మీ పురుగుల గది కిటికీ దగ్గర. విమల లోపల మాట్లాడుతోంది. "చిన్నమ్మా, ఈ తట్టలో వాటికి ఆకు చాలలేదు" అంటోంది. మామూలు మాట. కాని ఆ గొంతు నాకు కొత్త. నాలుగేళ్ళుగా నా ఇంట్లో అది అడిగినదానికి ఊ, కాదు అని తప్ప మాట్లాడలేదు. నేను ఏం తక్కువ చేశాను? నెలనెలా ఆ రైలు ఎక్కింది నేను. లైనులో వాళ్ళ మాటలు పడింది నేను. ఇంటి చుట్టూ సంబంధాలు తిరిగి పోతుంటే తలుపు వేసుకుంది నేను. నువ్వు మూడు వారాలు ఆకు కోయించావు, నీకు ఆ గొంతు దక్కింది.

నన్ను చూడగానే అది చంద్రికల వెనక్కు పోయి కూర్చుంది. గూళ్ళు కట్టే ఆ వెదురు తడికల సందుల్లోంచి దాని కళ్ళు కనిపిస్తున్నాయి. కత్తిరించిన జుట్టు చూశాను. దానికోసం తెచ్చిన చక్కిలాలు అక్కడే పెట్టి వచ్చేశాను. నువ్వు "కాఫీ తాగి పో అక్కా" అన్నప్పుడు నీ ముఖంలో గెలుపు కనిపించింది. లేకపోవచ్చు. నాకు కనిపించింది.

ఇంటికి వచ్చి, నా కూతురిని నేను తెచ్చుకుంటాను, పోలీసులను పెట్టైనా సరే అని మునియప్ప ముందు అరిచాను. ఇరవై రోజుల తర్వాత ఆయన నాతో మాట్లాడాడు. "పిల్లను గెల్చుకొనేదానికి ఇది పందెమా? మీ అక్కచెల్లెండ్లు దాన్ని మధ్యలో పెట్టుకోని తాడు లాగతాండారు. తెగేది తాడు కాదు."

ఆయన అన్నది నీకూ రాస్తున్నాను. ఒక్కదాన్నే మింగలేను.

తాయమ్మ


వేమగల్
20 ఆగస్టు 1998

అక్కకు,

గెలుపు కాదు. ఆ నవ్వు నాతో నవ్వింది కాదు అక్కా, కదిరితో. వాళ్ళిద్దరూ సాయంత్రాలు బూతులో కూర్చుని ఏవో మాట్లాడుకుంటారు. నేను పోతే ఆపేస్తారు. ఇరవై ఏళ్ళు చంకన మోసిన కొడుకు నాకు చెప్పనివి దానికి చెప్తాడు. ఇప్పుడు నాకు నీ కూతురి మీద కుళ్ళు. మన రక్తంలోనే ఏదో ఉంది.

విమల సెప్టెంబరు తొమ్మిదికి శిబిరానికి పోతానంటోంది. కదిరిని తోడు తీసుకుంటుందట. నేను వస్తానంటే, "వద్దు చిన్నమ్మా. నువ్వూ వద్దు, అమ్మా వద్దు. మీరొస్తే మీరే మాట్లాడతారు" అంది. నెమ్మదిగానే అంది. కాని మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

ఈ నెల మాత్రలకు కూడా తానే బెంగుళూరు పోయి వచ్చింది. ఒక్కతే. నేను బస్టాండులో పొద్దంతా కూర్చున్నాను. దిగి, నన్ను చూసి, "ఎందుకు కూర్చున్నావు?" అంది.

నారాయణమ్మ


వేమగల్
11 సెప్టెంబరు 1998

అమ్మకు విమల రాస్తున్నది.

శిబిరానికి పోయి వచ్చాము. నీకు ఏమైందో తెలియాలని, చిన్నమ్మ రాసేలోగా నేనే రాస్తున్నాను. ఆమె రాస్తే ఏదైనా కలుపుతుంది, లేకపోతే తీసేస్తుంది.

మేము ఏడింటికి పోయాము. మానసిక డాక్టరు రెండింటికి వచ్చాడు. అప్పటికి యాభై మంది ఉన్నారు. ఆయన ఐదింటి బస్సుకు పోవాలట. ముసలామె ఒకామె తన కొడుకు నడుముకు తాడు కట్టి, ఆ కొస చేతికి చుట్టుకుని కూర్చుంది. ఆమె పేరు పిలవక ముందే నా పేరు పిలిచారు. నేను ఆమెను ముందు పొమ్మన్నాను. గుమాస్తా నన్ను కసిరాడు.

డాక్టరు చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నాడు. పేరు, ఊరు, చదువు అడిగాడు. గొంతులు వినిపిస్తాయా అన్నాడు. మాత్రలు వేసుకుంటే దూరంగా వినిపిస్తాయి, పక్క వీధిలో ఎవరో మాట్లాడుకున్నట్టు, పట్టించుకోకుండా ఉండగలను అన్నాను. వంట చెయ్యగలవా, బస్సు ఎక్కగలవా అన్నాడు. చెయ్యగలను, ఎక్కగలను అన్నాను. "బాగా మాట్లాడతాండావమ్మా" అని ముప్పై రాశాడు.

నలభై కావాలి కదా. "సార్, నేను మాత్రలు వేసుకోకుండా వచ్చివుంటే ఎంత రాస్తారు?" అని అడిగాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. "ఎక్కువే రాస్తాను" అన్నాడు. కలం మూత పెట్టి, "ఏం చేసేదమ్మా, కాగితం అట్లుండాది" అన్నాడు.

అంటే మాత్రలు మానితే కార్డు, వేసుకుంటే లేదు. నువ్వు జూలైలో చేసిన లెక్క తప్పు కాదు అమ్మా. ఆ లెక్క వాళ్ళదే. కాని ఆ మూడు రోజులు చింతామణి దారిలో నడిచింది నేను. ఆ మూడు రోజుల్లో నాకు ఏమైందో కదిరికి చెప్పాను, ఇంకెవరికీ చెప్పను. నువ్వు అడగవద్దు. ఈ మాట చదివి చిన్నమ్మను కూడా అడగవద్దు, ఆమెకూ తెలియదు. ముప్పై కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని మాత్రలతోనే ఉండాలని అక్కడే అనుకున్నాను.

తర్వాత మేము కుట్టుపని నేర్పే చోటికి పోయాము. అక్కడి టీచరు పేరు చిన్నవెంకటమ్మ. కార్డు లేకపోతే హాస్టలు లేదు, పేరు కూడా రాసుకోనంది. కదిరి వాదించబోయాడు. నేను ఆపి, అక్కడ మిషను మీద ఉన్న జాకెట్టుకు చంక దగ్గర కుట్టు తప్పిందని చెప్పి, విప్పి, చేతికుట్టుతో మళ్ళీ వేసి చూపించాను. చేతులు వణికాయి, కుట్టు వణకలేదు. ఆమె చూసి, "పేరు రాసుకోను. పొద్దున బస్సుకు వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటే పొమ్మనను" అంది. వచ్చే సోమవారం నుంచి పోతాను. వేమగల్ నుంచి అయితే రోజూ వచ్చి పోవచ్చు, కె.జి.ఎఫ్. నుంచి కాదు. అందుకని ఆరు నెలలు ఇక్కడే ఉంటాను. చిన్నమ్మ ఎక్కువై కాదు. ఈ వాక్యం ఆమెకూ చదివి వినిపించాను. ముఖం మాడ్చుకుంది.

మీరిద్దరూ రాసుకున్న ఉత్తరాలు చదివాను. నీవి చిన్నమ్మ పెట్టెలో ఉన్నాయి. తనవి నాన్న ఆదివారం వచ్చినప్పుడు తెచ్చి నా చేతికి ఇచ్చాడు, "నీ గురించే ఉండాది, నువ్వే సదువుకో" అన్నాడు. కదిరికి కూడా చదివి వినిపించాను. డబ్బాలు ఇచ్చి లోపల కూర్చోబెట్టిన రోజు వాడికి గుర్తుందట. పద్యాలు నేను రెండుచోట్ల తప్పు చెప్పానట. వాడి కాలికి, నా తలకు మీరు ఇంత పోటీ పడ్డారు, మాలో ఒకరినైనా పిలిచి నీకేం కావాలి అని ఆ ఉత్తరాల్లో ఎక్కడా అడగలేదు.

నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. మాత్ర చేతిలో పెట్టుకుని నువ్వు మంచం దగ్గర నిలబడినప్పుడు నేను నిద్రపోవడం లేదు. చూస్తున్నాను. ఇస్తావనుకున్నాను.

అయినా ఆదివారం రా. పదిన్నర బస్సుకు రా. ఈసారి నేను దాక్కోను. జుట్టు భుజాల దాకా పెరిగింది, ఇంకా జడకు రాలేదు. దాన్ని చూసి ఏడవవద్దు. నా పక్కన కూర్చుని అన్నం తిను, సాయంత్రం బస్సుకు పో. మొదట అంతే చేద్దాం.

విమల